గెడ్డ నీళ్లు మనమే చూసుకోవడం: ఊరివాళ్ల నీటి పరీక్ష, మొదటి అడుగు నుంచి

మొదటిసారి మా గెడ్డ (వాగు) రేవులో దిగి, పరీక్ష కాగితం నీళ్లలో ముంచి రంగు చూస్తుంటే, పక్కన బట్టలు ఉతుకుతున్న పెద్దాయన అడిగాడు: "ఏటి మాస్టారూ, గెడ్డకి సుగరు సూస్తన్నారేటి?"

నవ్వొచ్చింది గానీ, ఆయన పోలికలో తప్పేమీ లేదు. సుగరున్న మనిషికి ఒక్కరోజు రీడింగ్ చూసి డాక్టరు మందు మార్చడు, పాత చీటీలన్నీ తెమ్మంటాడు. నీళ్ల సంగతీ అంతే. ఒకరోజు ముంచి చూసిన అంకెతో ఏమీ తేలదు. అదే చోట, అదే వేళకి, అదే పద్ధతిలో ఏడాదిపాటు రాసుకున్న పుస్తకంతో చాలా తేలుతుంది. శ్రీకాకుళం జిల్లాలో హైస్కూలు పిల్లలకు సైన్సు చెబుతూ, వాళ్లతోనూ ఊళ్లో కొందరు పెద్దలతోనూ కలిసి ఈ పని చేస్తూ నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఇది కొత్త ఆలోచన కాదు. అమెరికాలో ఐజాక్ వాల్టన్ లీగ్ అనే సంఘం 1969లోనే మామూలు జనంతో వాగుల పరీక్షలు మొదలుపెట్టింది. మన దగ్గర దీనికి కావలసిన సామాను ఇప్పుడు ఒక చేతిసంచిలో పడుతుంది.

ముందు ప్రశ్న, తర్వాత మీటరు

చాలామంది ముందు మీటరు కొంటారు, తర్వాత దాంతో ఏం చేయాలా అని ఆలోచిస్తారు. తిరగేసి చేయండి. మీ గెడ్డ గురించి మీకున్న అనుమానాన్ని ఒక్క వాక్యంలో రాయండి. "ఊరి మురుగు కాలువ కలిసిన తర్వాత నీళ్లు ఎంత దూరం పాడవుతున్నాయి?" "నార కోసం గోగు కట్టలు నీళ్లలో ఊరబెట్టినప్పుడు చేపలు ఎందుకు తేలుతున్నాయి?" "వేసవిలో ఉప్పునీరు ఏటిలోకి ఎంత దూరం ఎక్కి వస్తోంది?"

ఏ పరీక్ష చేయాలో, ఎక్కడ చేయాలో ఆ ప్రశ్నే చెబుతుంది. మురుగు గురించి అయితే కరిగిన ఆక్సిజన్, విద్యుత్ వాహకత (నీళ్లలోంచి కరెంటు ఎంత పారుతుందో, కరిగిన లవణాలు ఎక్కువైతే అదీ ఎక్కువవుతుంది), ల్యాబులో బ్యాక్టీరియా లెక్క. గోగు గురించి అయితే ఆక్సిజన్ ఒక్కటి సరిగ్గా చూస్తే చాలు. ఉప్పు గురించి అయితే వాహకత మీటరు తప్ప ఇంకేమీ అక్కర్లేదు. అన్నీ చూద్దామని మొదలుపెట్టినవాళ్లు మూడో నెలకి మానేయడం నేను చూశాను.

గెడ్డ వెంట ఒక నడక

సామాను కొనే ముందు ఒక ఆదివారం పొద్దున్నే బయలుదేరి, మీరు చూడబోయే రెండు మూడు కిలోమీటర్ల మేర గట్టు పట్టుకుని నడవండి. కాగితం మీద చేత్తోనే పటం గీయండి: రేవులు, పశువులు దిగే చోటు, మురుగు కలిసే చోటు, ఇసుక తవ్విన గోతులు, తాగునీటి పంపుహౌసు, పొలాల మిగులు నీరు వచ్చి పడే కాలువలు. ఆ ఊరి పెద్దవాళ్లని, ముఖ్యంగా వల వేసేవాళ్లని, తప్పకుండా వెంట తీసుకెళ్లండి. ముందు ఏ చేపలు పడేవి, ఇప్పుడు ఏవి పడటం లేదు, ఏ నెలలో నీళ్లు వాసన కొడతాయి అని అడిగి రాసుకోండి. ఒక మీటరు ఏడాదిపాటు చెప్పలేనిది వాళ్లు గంటలో చెబుతారు.

ఎక్కడ ముంచాలి

కనీసం మూడు చోట్లు కావాలి. అనుమానం ఉన్న చోటుకి పైన ఒకటి, దాని దగ్గర ఒకటి, దిగువన ఒకటి. పైచోటు లేకపోతే మీ పరీక్షకి అర్థం ఉండదు. "కింద నీళ్లు బాగా లేవు" అని మీరంటే, "పైనుంచే అలా వస్తున్నాయేమో" అని ఎవరైనా అంటారు. అప్పుడు మీ దగ్గర జవాబు ఉండదు.

రెండు మూడు ప్రవాహాలు కలిసే దగ్గర కలిసిన తర్వాతే కాదు, కలవక ముందు ఒక్కోదాన్నీ విడిగా చూడాలి. విజయనగరం జిల్లా వంగర మండలం సంగాం దీనికి మంచి ఉదాహరణ. అక్కడ నాగావళి, సువర్ణముఖి, వేగావతి కలుస్తాయి. కిందకి వెళ్లి ఒక్క సీసా పడితే మూడింటి కథా కలగాపులగం అవుతుంది. మూడు పాయల్లో మూడు, కలిసిన తర్వాత ఒకటి, మొత్తం నాలుగు సీసాలు పడితేనే ఏ నీరు ఏం తెస్తోందో తెలుస్తుంది.

ఇంకో సంగతి మేం ఆలస్యంగా తెలుసుకున్నాం. ఏరు వెడల్పుగా ఉన్నచోట మురుగు వెంటనే ఏటిలో కలిసిపోదు. తను దిగిన ఒడ్డునే పట్టుకుని చాలా దూరం వెళుతుంది. కుడి ఒడ్డున ముంచితే ఒక అంకె, నడిమధ్యలో ముంచితే మరో అంకె. అందుకే దిగువచోటు ఖరారు చేసే ముందు, లోతు తక్కువున్న రోజున ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి నాలుగైదు చోట్ల వాహకత మీటరు ముంచి చూడండి. అంకెలు దగ్గరదగ్గరగా ఉన్న చోటే నీళ్లు బాగా కలిసినట్టు. ఆ చోటు పట్టుకోండి.

సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్లకి, అంటే కళింగపట్నం దగ్గర వంశధార, బారువ దగ్గర మహేంద్రతనయ, కోనాడ దగ్గర చంపావతి ఒడ్డున ఉన్నవాళ్లకి, ఒక మాట. పోటు వేళ, పాటు వేళ ఒకే చోట రెండు రకాల నీళ్లు ఉంటాయి. మీరు ఎప్పుడూ పాటులోనే, నీరు బయటికి పోతున్నప్పుడే చూడండి. వేళ పుస్తకంలో రాయండి. లేకపోతే చంద్రుణ్ణి కొలిచి, మురుగుని కొలిచామనుకుంటారు.

చోట్లు ఖరారయ్యాక ప్రతి దానికీ ఒక పేరు పెట్టి, ఫోన్లో జీపీఎస్ గుర్తు దాచుకోండి. "రావిచెట్టు కింద" అని ఒక్కటే రాస్తే, తుఫానుకి చెట్టు పడిపోయిన తర్వాత ఎక్కడని వెతుకుతారు? 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక, ఉద్దానంలో చెట్టు గుర్తులతో దారి చెప్పడం ఎంత కష్టమయిందో అక్కడివాళ్లని అడగండి.

ప్రాణం ముందు

నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టి వస్తాయి. ఇక్కడ ఎండ కాస్తుండగానే అక్కడి వానకి ఏరు పొంగుతుంది. తోటపల్లి దగ్గరో, హిరమండలం గొట్టా బ్యారేజీ దగ్గరో గేట్లు ఎత్తుతున్నారని తెలిస్తే ఆ రోజు పరీక్ష లేదు. నీటి రంగు ఒక్కసారిగా ఎర్రగా మారితే, పుల్లలూ ఆకులూ కొట్టుకొస్తుంటే, చేతిలో పని ఎక్కడున్నా వదిలేసి గట్టెక్కండి.

ఒంటరిగా దిగొద్దు. మోకాలి లోతు దాటొద్దు. ఇసుక తవ్విన గోతులు పైకి కనపడవు. కర్రతో ముందు తడుముకుంటూ అడుగు వేయండి. పిల్లలున్నప్పుడు ప్రతి నలుగురికీ ఒక పెద్ద మనిషి ఉండాలి, ఆ మనిషికి ఈత రావాలి. కాళ్లకి పుండ్లు, దెబ్బలు ఉంటే ఆ రోజు పుస్తకం రాసే పని చేయండి. వంతెన మీంచి తాడు కట్టిన చిన్న బకెట్టు వేసి నీళ్లు తీసుకోవడం అన్నిటికన్నా క్షేమం. దాన్నే పద్ధతిగా పెట్టుకున్నా తప్పు లేదు, ఏడాదంతా అలాగే చేస్తే చాలు.

సంచిలో ఏముండాలి

థర్మామీటరు, పీహెచ్ మీటరు (నీళ్లు ఆమ్లమో క్షారమో చెప్పేది, 7 అయితే రెండూ కాదు), వాహకత మీటరు, కరిగిన ఆక్సిజన్ చుక్కల కిట్టు, మడ్డి కొలిచే గొట్టం, శుభ్రమైన సీసాలు, తెల్ల ప్లాస్టిక్ బేసిన్, దోమతెర గుడ్డ, డిస్టిల్డ్ వాటర్, రబ్బరు తొడుగులు, వాడిన రసాయనం పోసుకునే మూతసీసా, పెన్సిలు. పెన్ను కాదు, పెన్సిలే. తడి కాగితం మీద పెన్ను సిరా పాకిపోతుంది.

మీటరు కొన్నాక చేయాల్సిన మొదటి పని దాన్ని సరిచూసుకోవడం. ఈ మాట నొక్కి చెప్పడానికి కారణం ఉంది. మేం మొదట కొన్న పీహెచ్ మీటరు అమ్మినతను "ఫ్యాక్టరీలోనే సెట్ చేసి వస్తుంది సార్" అన్నాడు. నమ్మేశాం. రెండు నెలలపాటు ప్రతిచోటా 9కి పైనే చూపించింది. ఏదో ఘోరం జరిగిపోతోందని టెన్షన్ పడ్డాం, ఒకరిద్దరికి చెప్పాం కూడా. చివరికి బఫర్ పొడి (నీళ్లలో కలిపితే పీహెచ్ ఎంతో ముందే తెలిసిన ద్రావణం అవుతుంది) తెచ్చి చూస్తే మీటరే తప్పు. రెండు నెలల పేజీలూ కొట్టేశాం. చెప్పినవాళ్ల దగ్గరికి వెళ్లి మళ్లీ చెప్పుకోవడం పేజీలు కొట్టేయడం కన్నా కష్టమైంది.

కాబట్టి బయలుదేరే ముందు ఇంట్లోనే చేయండి. బఫర్ పొడులు 4.00, 6.86, 9.18 అని మూడు పొట్లాలుగా దొరుకుతాయి. డిస్టిల్డ్ వాటర్లో పొట్లం మీద రాసినంత కలిపి, ముందు 6.86లో ముంచి మీటరు సరిచేయండి. తర్వాత 9.18లోనూ చూడండి, మన ఏటి నీళ్లు ఎక్కువగా ఆ రెంటి మధ్యనే ఉంటాయి. మీటరు కొన చివర గాజు బుడగ ఎండిపోకూడదు, మూతలో రెండు చుక్కల నిల్వ ద్రావణం ఉంచండి. వాహకత మీటరుకి 1413 మైక్రోసీమెన్స్ ప్రామాణిక ద్రావణం దొరుకుతుంది, దాంతో సరిచూడండి. ఆ రోజు మీటరు ఎంత చూపించిందో తేదీ వేసి రాయండి.

నీళ్లు పట్టడం

దిగేముందు ఐదు నిమిషాలు ఊరికే నిలబడి చూడండి. నీటి రంగు, వాసన, నురగ, నూనె తెట్టు, గుర్రపుడెక్క, పైన ఎగిరే తూనీగలు, ఒడ్డున ఎవరేం చేస్తున్నారు, నిన్న మొన్న వాన పడిందా, అన్నీ రాయండి. మీటర్ల హడావుడిలో పడితే ఇవి మర్చిపోతాం. ఏడాది తర్వాత చదివేటప్పుడు ఎక్కువ అక్కరకొచ్చేవి ఇవే.

దిగువ వైపు నుంచి ఏటిలోకి నడిచి వెళ్లండి. ప్రవాహానికి ఎదురుగా నిలబడి, మీ కాళ్లు కలిపిన మడ్డి వెనక్కి పోయేదాకా ఆగండి. సీసాని అదే నీటితో మూడుసార్లు కడిగి, కడిగిన నీళ్లు వెనక్కి పారబోయండి. తర్వాత సీసాని మూతి కిందికి పెట్టి జానెడు లోతుకి దించి, అక్కడ ప్రవాహం వైపు తిప్పి నింపండి. పైపొర నీళ్లు వద్దు, అందులో తెట్టు ఉంటుంది. అడుగు నీళ్లు వద్దు, అందులో బురద ఉంటుంది. బ్యాక్టీరియా సీసాని మాత్రం కడగకూడదు, ల్యాబువాళ్లు ఇచ్చింది ఇచ్చినట్టు ఒక్కసారే నింపాలి.

ఉష్ణోగ్రత, పీహెచ్, ఆక్సిజన్ అక్కడికక్కడే చూడాలి. ఇంటికి తెచ్చిన సీసాలో అవి మారిపోతాయి.

ఆక్సిజన్: ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి

నీళ్లలో కరిగిన ఆక్సిజనే చేపకి గాలి. ఒక్క పరీక్షే చేయగలమంటే నేను ఇదే చేయమంటాను.

చుక్కల కిట్టు వెనకున్న పద్ధతి హంగేరీ రసాయనవేత్త వింక్లర్ 1888లో కనిపెట్టింది. సీసాని పొంగి పొర్లేలా నింపి, లోపల ఒక్క గాలిబుడగ కూడా లేకుండా మూత పెట్టాలి. బుడగ ఉంటే మీరు కొలిచేది ఏటిని కాదు, ఆ బుడగని. తర్వాత మాంగనీసు ద్రావణం, క్షార అయోడైడ్ ద్రావణం కిట్టులో చెప్పినన్ని చుక్కలు వేసి, మూతపెట్టి తిరగేస్తూ కలపాలి. గోధుమరంగు మడ్డి కట్టిందంటే ఆక్సిజన్ ఉంది. తెల్లగా ఉండిపోయిందంటే దాదాపు లేదు. ఆ తెలుపు మొదటిసారి చూసినప్పుడు పిల్లలు నిశ్శబ్దమైపోతారు, లెక్క చెప్పక ముందే వాళ్లకి అర్థమవుతుంది. మడ్డి సగానికి దిగాక యాసిడ్ చుక్కలు వేస్తే అది కరిగి పసుపు రంగు వస్తుంది. ఇక్కడితో ఆక్సిజన్ సీసాలో "కట్టుబడిపోయింది". చీకట్లో పెడితే ఇంటికెళ్లి కొన్ని గంటల్లోగా మిగతాది చేయొచ్చు. థయోసల్ఫేట్ ఒక్కో చుక్కా వేస్తూ లేత గడ్డిరంగు వచ్చేదాకా ఆగి, స్టార్చి వేయండి. నీలం అవుతుంది. మళ్లీ ఒక్కో చుక్కా లెక్కపెడుతూ నీలం పోయేదాకా వేయండి. చుక్కకి ఎంతో కిట్టు మీద రాసి ఉంటుంది. మొత్తం థయోసల్ఫేట్ చుక్కలన్నీ లెక్కలోకి వస్తాయి, స్టార్చి ముందువీ తర్వాతవీ కలిపి.

యాసిడ్, క్షారం రెండూ చర్మాన్ని కాలుస్తాయి. పెద్దవాళ్లే వేయాలి, తొడుగులు వేసుకోవాలి. వాడిన ద్రావణం మూతసీసాలో పోసి స్కూలు ల్యాబుకి తేవాలి. నీటిని కాపాడదామని వచ్చి అందులోనే రసాయనం పారబోసి వెళ్లకండి.

వచ్చిన అంకెని ఉష్ణోగ్రతతో కలిపి చదవాలి. వేడి నీళ్లు ఆక్సిజన్ పట్టుకోలేవు. శుభ్రమైన మంచినీటిలో 25 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 8.3 మి.గ్రా., 30 దగ్గర 7.6, 35 దగ్గర 7 పట్టగలవు. అంటే మే నెలలో 6.5 వస్తే అది మంచి రీడింగే, డిసెంబరు పొద్దున్న అదే 6.5 వస్తే కొంచెం తక్కువే.

వేళ ఇంకా ముఖ్యం. పాచి పట్టి పచ్చగా ఉన్న మడుగులో పగలంతా ఆ పాచి ఆక్సిజన్ వదులుతుంది. మధ్యాహ్నం మూడింటికి చూస్తే 12 కూడా రావొచ్చు, "అబ్బో, ఎంత మంచి నీళ్లో" అనిపిస్తుంది. రాత్రంతా అదే పాచి ఆక్సిజన్ పీల్చుకుంటుంది. చేపలు చచ్చేది తెల్లవారుజామున. అందుకే మేం నెలకోసారి, రెండో ఆదివారం, ఎప్పుడూ పొద్దున్న 6 నుంచి 7 లోపు చూస్తాం. మీకు 9 కుదిరితే 9కే చూడండి, కానీ ప్రతిసారీ 9కే.

ఇప్పుడు గోగు సంగతి. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నార కోసం గోగు వేసే ఊళ్లలో, కోత తర్వాత కట్టలు కట్టి చెరువుల్లోనో, గెడ్డ మడుగుల్లోనో రెండు మూడు వారాలు ఊరబెడతారు. కాడని కుళ్లబెట్టి నారని విడదీసేది సూక్ష్మజీవులే, ఆ పనికి అవి నీళ్లలో ఉన్న ఆక్సిజనంతా లాగేస్తాయి. నీళ్లు నల్లబడతాయి, వాసన ఊరంతా తెలుస్తుంది, చేపలు పైకి తేలి నోరు తెరుస్తాయి. మేం చూసిన ఒక మడుగులో కట్టలు వేసిన వారానికే సీసాలో తెల్ల మడ్డి వచ్చింది. రైతుని తప్పుపట్టి లాభం లేదు, ఆయనకి ఊరబెట్టడానికి వేరే నీళ్లు ఎక్కడున్నాయి? పరీక్ష వల్ల వచ్చే లాభం వేరు. కట్టలు తీసేశాక ఆక్సిజన్ మళ్లీ మామూలుకి రావడానికి ఎన్ని రోజులు పట్టింది, పారే నీళ్లలో ఎన్ని, నిలవ నీళ్లలో ఎన్ని, దిగువన ఎంత దూరం దాకా పడిపోయింది అన్నది మీ పుస్తకంలో ఉంటే, చేపల చెరువుకీ పశువుల రేవుకీ దూరంగా ఏ మడుగు ఎంచుకోవాలో ఊళ్లో కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఆ నెల మాత్రం నెలకోసారి చాలదు, మూడు రోజులకోసారి వెళ్లండి.

కొంచెం ఓపిక ఉన్నవాళ్లకి ఒక అదనపు పని. ఒకే చోట రెండు సీసాలు నింపండి. ఒకదాంట్లో ఆక్సిజన్ వెంటనే చూడండి. రెండోదాన్ని బుడగ లేకుండా మూసి, నల్లగుడ్డ చుట్టి చీకట్లో మూడు రోజులు పెట్టి చూడండి. తేడా ఎంత ఉంటే అంత కుళ్లే సరుకు నీళ్లలో ఉన్నట్టు. ల్యాబుల్లో బీఓడీ అనేది ఇదే, మన దేశంలో దాన్ని 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి చూస్తారు. ఇంట్లో చేసింది ల్యాబు అంకెతో సమానం కాదు గానీ, పైచోటుకీ కిందచోటుకీ పోల్చుకోవడానికి పనికొస్తుంది.

పీహెచ్, టీడీఎస్, మడ్డి

పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉంటే మామూలు. దాని గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఎప్పుడూ 7.6 ఉండే చోట ఒకరోజు 5.5 వస్తే మాత్రం వెంటనే మీటరు సరిచూసి, మళ్లీ ముంచండి.

టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాల మొత్తం, దాని గురించి జనంలో పెద్ద అపోహ ఉంది. ఫిల్టరు అమ్మేవాళ్లు గ్లాసులో పెన్ను ముంచి అంకె చూపించి భయపెట్టడం వల్ల, అంకె తక్కువైతే నీళ్లు మంచివనుకుంటారు. ఆ పెన్ను నిజంగా కొలిచేది వాహకతని. దాన్ని 0.5 తోనో 0.7 తోనో గుణించి టీడీఎస్ అని చూపిస్తుంది. అందుకే రెండు కంపెనీల పెన్నులు ఒకే గ్లాసులో రెండు అంకెలు చూపిస్తాయి. వాహకతే రాసుకోండి, గొడవ ఉండదు. క్రిములు, పురుగుమందు ఆ పెన్నుకి కనపడవు. ఉద్దానంలో చాలామంది ఇదే పెన్ను పట్టుకుని "మా బోరు నీళ్ల వల్లేనా కిడ్నీ జబ్బు?" అని అడుగుతారు. ఎన్నో పరిశోధనలు జరిగినా ఆ జబ్బుకి ఇదే కారణమని తేలలేదు. మన సంచిలో సామాను దానికి జవాబు చెప్పదు, చెబుతుందని ఎవరికీ ఆశ పెట్టకండి. ఏటిలో మాత్రం వాహకత మంచి గూఢచారి. పైచోట 250 ఉండి, కిందచోట 600 అయితే మధ్యలో ఏదో కలిసింది. వెనక్కి నడుచుకుంటూ వెళ్లండి, దొరుకుతుంది.

మడ్డి గొట్టం ఇంట్లోనే చేసుకోవచ్చు. రెండడుగుల పారదర్శక గొట్టం అడుగు మూసి, లోపల నలుపు తెలుపు పావుభాగాలుగా రంగేసిన బిళ్ల అంటించండి. పక్కన స్కేలు అతికించండి. పైనుంచి చూస్తూ నీళ్లు పోస్తూ, బిళ్ల కనపడటం మానేసిన దగ్గర సెంటీమీటర్లు రాయండి. నీడలో, నల్లకళ్లద్దాలు లేకుండా చూడాలి. వానాకాలంలో ఏరు ఎర్రగా ఉండటం సహజం, దానికి కంగారు పడక్కర్లేదు. వాన లేని జనవరిలో ఎర్రగా ఉంటే పైన ఎక్కడో తవ్వుతున్నారేమో చూడండి.

నైట్రేట్ కాగితాలు దొరుకుతాయి గానీ వాటి రంగుల మెట్లు మోటుగా ఉంటాయి. వరికి యూరియా చల్లిన తర్వాత మొదటి వానకి పొలాల కాలువలో ఒకసారి చూడండి, అంతకు మించి డబ్బు పెట్టకండి.

పురుగులు చెప్పే సాక్ష్యం

మీటరు ఆ క్షణం సంగతి చెబుతుంది. రాళ్ల కింద బతికే పురుగులు గత కొన్ని వారాల సంగతి చెబుతాయి. రాత్రిపూట ఎవరో ఏదో వదిలేసి పొద్దున్నకి నీళ్లు తేటపడినా, అవి చచ్చిపోయి ఉంటాయి.

దోమతెర గుడ్డని రెండు కర్రలకి కట్టి ప్రవాహానికి అడ్డంగా పట్టుకోండి. దానికి ఎగువన ఒక మీటరు మేర రాళ్లని కాలితో రెండు నిమిషాలు కదపండి. గుడ్డలో పడినదాన్ని తెల్ల బేసిన్‌లో నీళ్లు పోసి వదలండి. రెండు నిమిషాలు ఏమీ కనపడదు, తర్వాత అంతా కదలడం మొదలవుతుంది. పిల్లలకి ఈ పని ముందు మిగతావన్నీ దిగదుడుపే. మా గుంటలు బేసిన్ వదిలి రారు.

చూడాల్సినవి ఇవి. తోకలు మూడు, పొట్ట పక్కల ఆకుల్లా కొట్టుకునే మొప్పలు ఉంటే మేఫ్లై పిల్ల. రెండే తోకలుండి, కాళ్ల చివర జంట గోళ్లుంటే స్టోన్‌ఫ్లై. ఇసుకరేణువులూ పుల్లలూ అతికించి గూడు కట్టుకుని అందులో బతికేది క్యాడిస్‌ఫ్లై. ఇవి ఉంటే నీళ్లలో ఆక్సిజన్‌కి లోటు లేదు. తూనీగ పిల్లలు, పీతలు, నత్తలు మధ్యరకం. ఎర్రగా మెలికలు తిరిగే సన్నపురుగులు, జలగలు, ఎలకతోకలాంటి గొట్టంతో గాలి పీల్చే పురుగులు మాత్రమే ఉంటే నీళ్లు బాగా పాడయినట్టు. ఆ సన్నపురుగు ఎరుపు మన రక్తంలో ఉండే హీమోగ్లోబిన్ వల్లే, తక్కువ ఆక్సిజన్‌లోనూ బతకడానికి దానికున్న ఉపాయం అది. ఎన్ని ఉన్నాయని కాదు, ఎన్ని రకాలు ఉన్నాయని రాయండి. తర్వాత అన్నిటినీ తిరిగి నీళ్లలో వదిలేయండి.

ఒక హెచ్చరిక. కొండ గెడ్డ రాళ్ల మధ్య దొరికే రకాలు శ్రీకాకుళం పట్టణం దగ్గర నాగావళి ఇసుకలో దొరకవు. అది కాలుష్యం వల్ల కాదు, ఇసుకలో వాటికి ఇల్లు లేక. రాతి చోటుని రాతి చోటుతోనే పోల్చండి.

బ్యాక్టీరియా

హైడ్రోజన్ సల్ఫైడ్ సీసాలు మీరు చూసే ఉంటారు. గుర్తు దాకా నీళ్లు పోసి గదిలో పెడితే, మలం కలిసిన నీళ్లయితే ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన శాస్త్రవేత్తలు 1982లో లోకానికి చెప్పిన పద్ధతి ఇది. బావికీ బోరుకీ కుళాయికీ బాగా పనికొస్తుంది. ఏటికి మాత్రం డబ్బు దండగ. పశువులు దిగే ఏ ఏటి నీరైనా నల్లబడుతుంది, దాంతో కొత్తగా తెలిసేదేమీ లేదు. ఏటికి కావలసింది వంద మిల్లీలీటర్లలో ఎన్ని అన్న లెక్క, అది ల్యాబులోనే అవుతుంది. వేడి తగలకుండా ఐసు డబ్బాలో పెట్టి, ఆరు గంటల్లోగా అందజేయాలి. నల్లబడిన సీసాని పిల్లలు ముట్టకూడదు, బ్లీచింగ్ పోసి ఒకరోజు ఉంచి పారేయండి.

గ్రామాల్లో జలజీవన్ మిషన్ కింద కొందరు మహిళలకి ఫీల్డ్ టెస్ట్ కిట్టు వాడటం నేర్పారు. మీ ఊళ్లో అలాంటివాళ్లు ఉంటే ముందు వాళ్లని కలవండి. మనకి తెలియని చేతివాటం వాళ్లకి వచ్చు.

పుస్తకం

గట్టి అట్ట ఉన్న లాంగ్ నోటుబుక్కు ఒకటి. ప్రతిసారి ఒక పేజీ. మా పేజీ ఇలా మొదలవుతుంది: "చోటు 2, మురుగు కలిసే దగ్గర. రెండో ఆదివారం, 6.20. నిన్న వాన లేదు. పైన గేట్లు మూసి ఉన్నాయి. నురగ కొంచెం. గేదెలు 11. ముంచింది ఇద్దరు, రాసింది ఒకరు."

రీడింగ్ నచ్చలేదని చెరిపేయొద్దు. అడ్డంగా ఒక గీత కొట్టి పక్కన కారణం రాయండి. పది సీసాలకోసారి ఒకే చోట రెండు సీసాలు పట్టి విడివిడిగా చూడండి. రెండు అంకెలూ దూరంగా ఉంటే తప్పు చేతిలో ఉంది. అప్పుడప్పుడు డిస్టిల్డ్ వాటర్‌ని కూడా వాహకత మీటరుతో చూడండి, పెద్ద అంకె వస్తే సీసాలు సరిగ్గా కడగడం లేదు. ఇంటికి రాగానే పేజీ ఫోటో తీసి ఇంకో ఇద్దరికి పంపండి. పుస్తకం ఏటిలో పడిపోయిన రోజు ఆ ఫోటోలే మిగులుతాయి. నాకు తెలుసు.

అంకెలు చదవడం

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నదుల నీటిని వాడకాన్ని బట్టి ఐదు తరగతులు చేసింది. స్నానానికి తగిన నీళ్లలో ఆక్సిజన్ లీటరుకు 5 మి.గ్రా. కన్నా తగ్గకూడదు, బీఓడీ 3 దాటకూడదు, మొత్తం కోలిఫారం బ్యాక్టీరియా (మురుగు కలిసిందేమో తెలుసుకోవడానికి లెక్కపెట్టే రకం) వంద మిల్లీలీటర్లకి 500 దాటకూడదు. శుద్ధి చేసి తాగడానికి ఇచ్చే నీళ్లకి ఆక్సిజన్ కనీసం 4, కోలిఫారం 5,000 లోపు. చేపలకి ఆక్సిజన్ 4 ఉండాలి. సాగుకి వాహకత 2,250 మైక్రోసీమెన్స్ దాటకూడదు.

ఎవరైనా "అయితే ఈ నీళ్లు తాగొచ్చా?" అని తప్పకుండా అడుగుతారు. జవాబు ఎప్పుడూ ఒకటే: "మా పరీక్షతో అది చెప్పలేం." ఎంత బలవంతం చేసినా ఆ మాట మార్చొద్దు.

ఆరు నెలలు గడిచాక ఒక గ్రాఫు కాగితం మీద మూడు చోట్ల ఆక్సిజన్‌నీ మూడు రంగుల్లో గీయండి. అప్పుడు మీ గెడ్డకి మామూలు ఏమిటో తెలుస్తుంది. మామూలు తెలిస్తేనే మామూలు కానిది కనపడుతుంది.

చేపలు తేలిన రోజు

ఫోన్ రాగానే బయలుదేరండి, గంట గడిస్తే సాక్ష్యం కొట్టుకుపోతుంది. ముందు ఫోటోలు, వీడియో, టైము కనపడేలా. తర్వాత ఆక్సిజన్, ఉష్ణోగ్రత, పీహెచ్, వాహకత, చేపలు తేలిన చోటా, ఎగువన తేలని చోటా. రెండేసి సీసాల నీళ్లు నింపి, చోటూ వేళా రాసిన చీటీ అంటించి, ఐసులో పెట్టండి. ఏ సైజు చేపలు, ఏ రకం, పీతలు కూడా చచ్చాయా, నోళ్లు తెరిచి ఉన్నాయా అన్నది రాయండి. పెద్ద చేపలే ముందు చస్తే, నోళ్లు తెరిచి ఉంటే ఆక్సిజన్ లోటు అనుమానించాలి. చిన్నా పెద్దా పీతలూ అన్నీ ఒకేసారి పోతే ఏదో విషం. ఆ చేపలు ఎవరూ కూరకి తీసుకెళ్లకుండా చూడండి, ఇది అన్నిటికన్నా కష్టమైన పని.

అదే రోజు గ్రామ సచివాలయంలోనూ, మత్స్యశాఖకూ, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికీ రాసి ఇవ్వండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. కాగితంలో మీరు చూసింది, కొలిచింది మాత్రమే ఉండాలి. "ఫలానా వాళ్లు వదిలారు" అని రాయొద్దు. 1974 నాటి నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం, మండలి అధికారులు పద్ధతి ప్రకారం తీసి సీలు వేసిన సీసానే కోర్టులో చెల్లుతుంది. మన సీసా చెల్లదు. మన సీసా పని ఆ అధికారిని త్వరగా రప్పించడం, ఎక్కడ ముంచాలో చూపించడం. ఆయన వచ్చినప్పుడు పుస్తకం తెరిచి ముందు పెట్టండి. జవాబు రాకపోతే నెల తర్వాత సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు వేసి, ఆ రోజు వాళ్లు తీసిన నమూనా ఫలితం అడగండి.

ఆ తర్వాత వచ్చే రెండో ఆదివారం మళ్లీ 6.20కి చోటు 1 దగ్గరికి వెళ్లండి. బఫర్ పొడులు అయిపోయుంటాయి, ముందే తెప్పించి పెట్టుకోండి.